పదకొండో సూది

మా మేనత్త దగ్గర పదకొండు సూదులున్నాయి. ఎడమ మణికట్టుకు గడియారంలా కట్టుకునే చిన్న గుడ్డ దిండులో గుచ్చి ఉంటాయి. పొద్దున నాటకశాలలో బట్టల గది తలుపు తీయగానే ఒకసారి, సాయంత్రం తాళం వేసే ముందు ఒకసారి వాటిని బొటనవేలితో లెక్కపెడుతుంది. ఒక్కో సూది తలమీద వేలు ఆనించుకుంటూ వెళ్ళి, పదకొండు కాగానే "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినబడితేనే మేం ఇంటికి బయల్దేరడం. ఒకసారి పది దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పూట నలభై జతల బట్టలు దులిపాం, బల్లలు జరిపి నేల ఊడ్చాం, చివరికి సూది ఇస్త్రీ బాబాయి చెప్పు అడుగున దొరికింది. బాబాయి నెల్లాళ్ళు ఆ మాట వదల్లేదు. ఇంటికి పోయేముందు రోజూ కాలెత్తి చూపించేవాడు. "సూదమ్మా, నా చెప్పు కూడా లెక్కలో వేసుకున్నావా?"

అందరికీ ఆమె సూదమ్మే. పని నేర్చుకునే రోజుల్లో ఎవరో చేతి తొడుగులో సూది మర్చిపోతే ఒక నటుడి అరచేతిలో అది సగానికి విరిగిపోవడం కళ్ళారా చూసిందట. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. తను కుట్టిన బట్టవల్ల ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ రక్తం చుక్క రాలేదు. దాని గురించి గొప్పలు చెప్పుకోదు. అది అలా ఉంటేనే ఆమెకు కంటిమీద కునుకు పడుతుంది, అంతే.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మకు జబ్బు చేసి ఇంట్లో ఒకరు ఉండాల్సి వచ్చింది. అమ్మ లేచి తిరిగే వేళకు నాతోటి వాళ్ళు పై తరగతికి వెళ్ళిపోయారు, నాకు మళ్ళీ బడి మెట్లెక్కాలంటే సిగ్గేసింది. "నా పక్కన కూర్చోవే. ఇది మాట్లాడక్కర్లేని పని" అని అత్త తనతో తీసుకుపోయింది. నా మాట నాకే సరిగా వినబడదు. నేనేం చెప్పినా అత్త మొదట అనేది ఒకటే, "వినబడలేదు." బాబాయి అయితే, "నీ మేనకోడలి గొంతు ఏ పెట్టెలో పెట్టి తాళం వేశావు సూదమ్మా?" అంటాడు. బెల్లు కొట్టి నాటకం నడిపించే పెద్దాయన ఉన్నాడు, మేం బెల్లు మాస్టారు అంటాం. ఆయన నన్ను "నీడ" అని పిలుస్తాడు.

ఆ బెల్లు మాస్టారే ఒకరోజు రెండు పాసులు తెచ్చి అత్త బల్లమీద పెట్టాడు. "ఇరవై ఆరేళ్ళుగా వెనకనుంచే చూస్తున్నావు. ఒక్కసారి ముందు కూర్చుని చూడు, పుణ్యముంటుంది."

"ముందునుంచి చూస్తే కొత్తగా ఏముంటుంది?" అంది అత్త.

"మొహాలుంటాయి."

నిజమే, అత్తకు ఈ నాటకాలన్నీ వీపులుగా, గొంతులుగా మాత్రమే తెలుసు. ఆమె సెలవు పెట్టింది. పొద్దున చిత్రశాలకు వెళ్ళాలి, మధ్యాహ్నం ఎక్కడైనా కూర్చుని ఏదైనా తినాలి, మూడింటికి నాటకం. తన బూడిదరంగు బట్టలు మూడురోజుల ముందే ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించింది. రోజూ వాటి ముందు నిలబడి ఒకసారి చూసుకునేది.

ఇక ఆ కోటు గురించి చెప్పాలి. నాటకంలో తల్లి వేషం వేసే ఆవిడకు అత్త రెండు నెలలు కూర్చుని ఒక ముదురాకుపచ్చ ఉన్ని కోటు కుట్టింది. విరామానికి ముందు ఒక ఘట్టముంది. ఎన్నాళ్ళో అలిగి వెళ్ళిపోయిన కూతురు వేదిక ఆ చివరనుంచి పరుగెత్తుకొచ్చి తల్లి కుడి భుజంలో మొహం దాచుకుంటుంది. గట్టిగా, కళ్ళు మూసుకుని. రోజూ ఆ పిల్ల మొహం రంగంతా కోటుకు అంటుకునేది. ఉన్ని కోటు రోజూ ఉతకలేం. అందుకని అత్త అదే రంగు గుడ్డతో భుజంమీద వచ్చేలా ఒక ముక్క తయారుచేసింది. ఆట కాగానే ముక్క ఊడదీసి ఉతకాలి, ఆరిన ముక్కను మళ్ళీ తేలిగ్గా ఊడివచ్చే కచ్చా కుట్టుతో అతకాలి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు. రోజూ ఆ ముక్క కుట్టేది నేనే.

సెలవుకు ముందురోజు సాయంత్రం నా సూదికి దారం ఎక్కలేదు. అత్త చేతులు కడుక్కుంటోంది, దిండు బల్లమీద ఉంది. దాన్లోంచి ఒకటి తీసుకున్నాను. ముక్క కుడుతుండగా బెల్లు మాస్టారు టోపీలు కిందికి తెమ్మని కేకేశాడు. నేను తిరిగొచ్చేసరికి బాబాయి కోటు తీసి దండేనికి తగిలించేశాడు. బల్లమీద సూది లేదు. నేలంతా వెతికాను, లేదు. అత్త చెయ్యి తుడుచుకుంటూ వస్తోంది. నా సూదిని తీసి ఆ ఖాళీలో గుచ్చేశాను.

అత్త దిండు కట్టుకుంది. వేలు నడిపింది. పది దాటాక కొంచెం ఆగినట్టనిపించింది. తర్వాత, "ఊఁ" అంది.

ముక్క చివరిదాకా కుట్టాననే నా నమ్మకం. రోజూ చేసే పనితో వచ్చే చిక్కే అది, నిన్నటిదీ మొన్నటిదీ చేతిలో కలిసిపోతాయి. సూది ఎక్కడో నేల సందులో పడి ఉంటుంది, సెలవు మర్నాడు అది గుచ్చుకుని బాబాయి అరిచే లోపే వెతికేద్దాం అనుకుని పడుకున్నాను.

చిత్రశాలలో నేల అద్దంలా ఉంది. అత్త చెప్పులు చప్పుడు చేస్తున్నాయని మునివేళ్ళమీద నడిచింది. సెలవైనా దిండు మణికట్టుకే ఉంది, చొక్కా చేతి కింద దాచుకుంది. అందరూ బొమ్మలముందు చేతులు కట్టుకుని నిలబడితే, ఆమె మొహం దగ్గరగా పెట్టి బట్టలు చూసింది.

"ఈ రాజుగారు ఈ చొక్కా చేతులతో కత్తి ఎత్తలేడే. చంక కింద గుడ్డ వదల్లేదు, చిరిగి ఊరుకుంటుంది."

"అత్తా, నెమ్మదిగా."

"ఈవిడ చూడు. ఇన్ని కుచ్చులు పోసుకుని కుర్చీలో ఎలా కూర్చుంది? గీసినవాడు మగాడు."

పక్కన నిలబడ్డ పెద్దమనిషి నవ్వాపుకోలేక దగ్గాడు. అత్త అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అలా వెళ్ళివెళ్ళి ఒక చిన్న బొమ్మముందు ఆగిపోయింది.

కిటికీ దగ్గర కూర్చున్న ఒకావిడ. ఒళ్ళో ఏదో బట్ట. ఆవిడ తల తిప్పి తలుపువైపు చూస్తోంది. బట్టలో సూది గుచ్చి ఉంది, దాని కొనమీద తెల్లరంగు చుక్క ఒకటి.

"ఎవరో పిలిచారు" అంది అత్త. "చూశావా? ఇలా లేచెళ్ళి మర్చిపోతారు. ఎంత బాగా గీశాడో, అంత తప్పు పని."

టోపీలు తెమ్మన్న కేక మళ్ళీ చెవిలో వినబడింది. కేక వినగానే నా చెయ్యేం చేసిందో అప్పుడు కనబడింది. మూడు వేళ్ళ వెడల్పు కుట్టు మిగిలుండగా సూదిని ముక్క కిందకి, ఉన్నిలోకి అడ్డంగా దూర్చి లేచాను. నల్లదారం, ముదురాకుపచ్చ కోటు. బాబాయికి అద్దాలు పెట్టినా చూపు అంతంతే. కుడి భుజం. కళ్ళు మూసుకుని ఆ పిల్ల మొహం పెట్టే చోటు.

గోడ గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చెప్పాలి. అత్త తర్వాతి బొమ్మ దగ్గరికి నడిచింది. నేను వెనకే నడిచాను. ఇంకో బొమ్మ. ఇరవై ఆరేళ్ళు. ఆ పిల్ల కన్ను. మూడో బొమ్మ. అందులో ఏముందో నాకిప్పటికీ తెలియదు.

"అత్తా, సూది కోటులో ఉంది."

"వినబడలేదు."

"సూది. తల్లి కోటులో. భుజం ముక్క కింద."

అత్త ఏ కోటని అడగలేదు, ఎప్పుడని అడగలేదు. నా మొహం చూసి ఫోను తీసింది. బట్టల గదికి చేసింది, మోగి మోగి ఆగింది. మాస్టారికి చేసింది, ఆఫ్. అప్పుడు గడియారం చూశాను. రెండూ ఐదు. నాటకశాలలో రెండు కొట్టగానే అందరి ఫోన్లూ చెక్కపెట్టెలోకి పోతాయి. ఒకసారి చావు ఘట్టంలో ఎవరి ఫోనో మోగిందని మాస్టారు పెట్టిన రూలు. బొమ్మ దగ్గరే చెప్పి ఉంటే ఫోను అందేది. ఆ పదిహేను నిమిషాలు నేనే పోగొట్టాను.

బస్సు దొరికింది. వంతెనమీద లారీ ఆగిపోయి మా బస్సు దాని వెనక ఇరుక్కుంది. రెండూ ముప్ఫై. రెండూ నలభై. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బొటనవేలు దిండుమీద నడుస్తోంది, చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్తోంది.

"తిట్టు అత్తా" అన్నాను.

"నీ సూది లావు" అంది. "తల కాస్త గరుకు. నిన్ననే నా వేలికి తెలిసింది."

నేను ఆమెవైపు తిరిగాను.

"నాది విరగ్గొట్టి, భయపడి నీది పెట్టావనుకున్నా. రేపు బొమ్మలు చూడ్డానికి వెళ్తున్నాం కదా, ఇప్పుడు దీన్ని ఏడిపించడమెందుకులే, అదే చెబుతుందిలే అనుకున్నా." వేలు ఆగింది. "విరిగిన ముక్కలు చూపించమని అడగాలి. కొత్తగా వచ్చిన వాళ్ళను మొదటి రోజునుంచీ అడుగుతాను. నిన్న అడగలేదు. దిగు, నడుద్దాం."

ఆమెకు ఎడమ మోకాలు నొప్పి. వంతెన దాటేసరికి నా భుజం పట్టుకుంది, సందు మలుపు తిరిగేసరికి ఆమె బరువు సగం నా భుజంమీదే. నాటకశాల వెనక గేటుకు చేరేసరికి మూడూ పన్నెండు.

గేటు దగ్గర ఎప్పుడూ ఉండే తాత లేడు. కొత్త వాచ్‌మన్ కాగితంమీద వేలు పెట్టి కిందిదాకా చూశాడు. "మీ పేరు ఇవాళ్టి జాబితాలో లేదమ్మా."

"సెలవు పెట్టాను గనక లేదు. నేను బట్టల గది."

"సెలవుంటే మరి ఎందుకొచ్చారు?"

"నాయనా, లోపల ఒక కోటులో సూది ఉంది. ఒక పిల్ల కన్ను పోతుంది."

అతను మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు. పాపం, అతని తప్పేం లేదు. చెమటలు కారుతున్న ఇద్దరు ఆడవాళ్ళు, సూది గురించి ఏదో అంటున్నారు. లోపలి ఫోను తిప్పాడు. ఆట మొదలయ్యాక దాని గంట ఆపేస్తారు. "చీటీ రాసివ్వండి, విరామంలో ఇస్తా" అన్నాడు.

ఆ ఘట్టం విరామానికి ముందే. అత్త చేతిసంచిలోంచి పాసులు తీసింది. "పద. ముందు గుమ్మం ఉందిగా."

ముందు గుమ్మం దగ్గర టార్చి పట్టుకుని సీట్లు చూపించే ఆవిడ పెదవిమీద వేలు పెట్టింది. ఆలస్యంగా వచ్చిన వాళ్ళను దీపాలు మారినప్పుడే పంపుతారట. తలుపు వెనకనుంచి మాటలు వినబడుతున్నాయి. నాకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. అన్నదమ్ముల గొడవ అయింది. ఉత్తరం చదువుతున్నారు. ఉత్తరం తర్వాత తల్లి "దీపం తెస్తాను" అని పక్కకు వస్తుంది, దీపం పట్టుకుని తిరిగెళ్తుంది, కూతురు పరుగెత్తుకొస్తుంది.

దీపాలు తగ్గాయి. టార్చి ఆవిడ మమ్మల్ని మూడో వరసకు తీసుకెళ్ళింది. అత్త కూర్చోలేదు. వేదిక పక్కన గోడలో ఒక పొట్టి తలుపుంది. జనంలోంచి వచ్చే వేషం కోసం పెట్టింది. ఏడు మెట్లు దిగి, వేదిక కింద వంగి నడిస్తే అవతల తెర పక్కకు వెళ్ళొచ్చు. అత్త ఆ తలుపువైపు చూసింది. తన మోకాలివైపు చూసింది.

"నువ్వెళ్ళు" అంది చెవిలో. "అందరికీ వినబడేట్టు చెప్పు."

నేను వెళ్ళాను. మెట్లమీద కాలు జారి మోచెయ్యి కొట్టుకుంది. వేదిక కింద చీకటి, తలమీద చెక్కలమీద వాళ్ళ అడుగులు. తల్లి గొంతు నా నెత్తిమీదే అంది, "దీపం తెస్తాను." అడుగులు నా పైనుంచే పక్కకు నడిచాయి. నేను కిందనుంచి వాటి వెంట పరుగెత్తాను.

పైకి వచ్చేసరికి తల్లి వేషం ఆవిడ దీపం అందుకుని నిలబడి ఉంది. కోటు వేసుకుని ఉంది. మా మధ్య బెల్లు మాస్టారు. నన్ను చూసి కళ్ళెర్రజేసి, పెదవిమీద వేలు పెట్టాడు. "నీడా! ఇవాళ నీకిక్కడేం పని?" ఊపిరితోనే తిట్టాడు.

నోరు తెరిచాను. శబ్దం రాలేదు. వేదికమీద అన్న వేషం చివరి మాట మొదలుపెట్టాడు. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది.

"కోటులో సూది ఉంది!"

అది నా గొంతేనా అని నేనే అదిరిపడ్డాను. మొదటి వరస తలలు ఇటు తిరిగాయట, అత్త తర్వాత చెప్పింది. మాస్టారి మొహంలో నెత్తురు లేదు. ఆవిడ ఆగి నన్ను చూసింది. అంతకుముందు ఆవిడ నావైపు ఎప్పుడైనా చూసిందో లేదో తెలియదు. "ఎక్కడ?" అంది.

"కుడి భుజం."

వెతకడానికి వేళ లేదు. ఆవిడ దీపం నా చేతిలో పెట్టి, ఎడమ చేత్తో కోటు జారవిడిచింది, దీపం లాక్కుని వెలుగులోకి వెళ్ళిపోయింది.

కోటు ఎప్పుడూ విప్పరు గనక దాని కింద వేసుకోవడానికి వేషం అంటూ ఏమీ కుట్టలేదు. ఆవిడ ఇంట్లో వేసుకునే వెలిసిపోయిన చొక్కాతో, మోచేతి దగ్గర అతుకుతో దీపం పట్టుకుని నిలబడింది. ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు, ముసలిదైపోయినట్టు కనబడింది. కూతురు వేషం పిల్ల అవతలనుంచి పరుగెత్తుకొస్తూ కోటు లేకపోవడం చూసి అర అడుగు తడబడింది. తర్వాత వచ్చి ఆ పలచటి భుజంలో మొహం దాచుకుంది. హాల్లో ఎవరో వెక్కిన చప్పుడు వినబడింది.

విరామంలో అత్త కుంటుకుంటూ వచ్చేసరికి కోటు బల్లమీద ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆమె భుజం ముక్కమీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నడిపింది. మధ్యలో ఆగి చెయ్యి వెనక్కి తీసింది. వేలిమీద ఎర్రగా ఒక బొట్టు. సూది కొన బియ్యపుగింజంత పైకి పొడుచుకొచ్చి ఉంది.

కూతురు వేషం పిల్ల దాన్ని చూసి తన కుడి కన్ను అరచేత్తో మూసుకుంది. కాసేపటిదాకా తీయలేదు.

బెల్లు మాస్టారు తప్పుల పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. "ఎవరిది?"

నేను ముందుకు వచ్చాను. అత్త నా ముందు చెయ్యి అడ్డం పెట్టింది. "కుట్టింది అది. లెక్క నాది. పదకొండోది నాది కాదని నిన్నే నా వేలికి తెలిసింది. తెలిసి ఊరుకున్నా. అలాగే రాయి."

"సూదమ్మా, ఇరవై ఆరేళ్ళలో నీ పేరు ఈ పుస్తకంలో..."

"రాయమన్నానా?"

ఆయన రాశాడు. ఇస్త్రీ బాబాయి ఏదైనా అంటాడని చూశాను. అత్త వేలికి చుట్టుకోమని గుడ్డముక్క చింపి ఇచ్చాడు.

తల్లి వేషం ఆవిడ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "మాస్టారూ, ఇకనుంచి ఆ ఘట్టంలో కోటు వద్దు. విప్పే వస్తాను. ఇవాళ నాకే ఏడుపొచ్చింది."

అత్త మొహం ఆ పుస్తకంలో పేరు ఎక్కినప్పుడు కూడా అంత మాడిపోలేదు. "రెండు నెలలు కుట్టాను" అంది బాబాయితో, నెమ్మదిగా.

విరామం తర్వాత మేం మా సీట్లలో కూర్చున్నాం. గుడ్డ చుట్టిన వేలు ఒళ్ళో పెట్టుకుని అత్త నాటకం చివరిదాకా కదలకుండా చూసింది. నేను నాటకం చూడలేదు, ఆమెను చూశాను. ఇంటికి వెళ్ళే దారిలో నాటకం ఎలా ఉందని అడిగాను.

"పెద్దన్నయ్య వేషం మెడ గుండీ ఊడబోతోంది" అంది. కొంతదూరం నడిచాక, "కూతురు వేషం పిల్ల నవ్వితే బుగ్గమీద సొట్ట పడుతుందని నాకు తెలియనే తెలియదు" అంది.

మర్నాడు పొద్దున బట్టల గది తలుపు తీశాక అత్త దిండు విప్పి నా చేతిలో పెట్టింది. వేలికి కట్టు ఉంది గనక కాబోలు అనుకున్నాను. బొటనవేలితో లెక్కపెట్టాను. ఒక్కోటీ సన్నగా, నున్నగా. చివరిది లావు, తల గరుకు. నా సూది అక్కడే ఉంది, కోటులోంచి తీసింది దాని పక్కనే ఉంది. నాది తీసేసుకుని దిండు తిరిగి ఇవ్వబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎన్ని?"

"పన్నెండు."

"వినబడలేదు."

"పన్నెండు!"

ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి తలెత్తాడు. అత్త భుజం ముక్క ఊడదీయడానికి కోటు ఒళ్ళోకి లాక్కుని, "ఊఁ" అంది.